వార్నింగ్‌లన్నీ ఎర్రర్లయ్యాయి: కాటా ప్రోగ్రామ్ కొత్త కంపైలర్‌లో బిల్డ్ కావడం లేదు

కాటా_గుంటూరు | గుంటూరు, లక్ష్మీపురం

అందరికీ నమస్కారం. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లోని వేబ్రిడ్జిలకు సాఫ్ట్‌వేర్ పని చూస్తుంటాను. లారీ కాటా ఎక్కగానే ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు మీదుగా బరువు వస్తుంది. మా ప్రోగ్రామ్ దాన్ని చదివి బండి నంబరు, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, ఖాళీ బరువు, నికర బరువు వేసి చీటీ అచ్చు వేస్తుంది. మొత్తం సీ భాషలో రాసిందే. రాసినాయన ఊరు వదిలి వెళ్లిపోయారు, కోడ్ నాకు మిగిలింది.

ఇన్నాళ్లూ 32 బిట్ల ఉబుంటు 16.04 మీద నడిచింది. ఆ కంప్యూటర్ ఇక లేవనంది. కొత్తదాంట్లో డెబియన్ 13 వేశాను, దానితో జీసీసీ 14 అనే కంపైలర్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) వచ్చింది. ఇది చాలదన్నట్లు ఒక ఎగుమతి సంస్థ ఒప్పందంలో షరతు పెట్టింది: సోర్స్ అప్పగించేటప్పుడు -డబ్ల్యుఆల్, -డబ్ల్యుఎక్స్‌ట్రా (వార్నింగ్‌లు ఎక్కువగా చూపించేవి), -డబ్ల్యుఎర్రర్ (ప్రతి వార్నింగ్‌నూ ఎర్రర్ చేసేది) ఫ్లాగులు మూడూ పెట్టి బిల్డ్ చేస్తే కంపైలర్ కిక్కురుమనకూడదట. పెట్టి చూశాను. తెర నిండా ఎర్రర్లే. పాత మిషన్‌లో ఏళ్ల తరబడి నడిచిన కోడ్ ఇది. ఇందులో కొత్తగా తప్పులు ఎక్కడి నుంచి వచ్చాయి? యార్డుకు కొత్త మిర్చి రావడం మొదలయ్యేలోగా ఇచ్చేయాలి.

తొందర_బిల్డ్ | విజయవాడ, పటమట

-డబ్ల్యుఎర్రర్ తీసేయండి, దాని బదులు చిన్న -డబ్ల్యు ఒక్కటి పెట్టండి. వార్నింగ్‌లన్నీ మాయమవుతాయి. నడుస్తున్న కోడ్‌ను కెలికితే కొత్త తలనొప్పులు వస్తాయి. ఒప్పందాల్లో సవాలక్ష రాస్తారు, ఎవరు చదువుతారు?

పాత_యూనిక్స్ | విజయవాడ, గవర్నర్‌పేట

తొందర గారూ, ఒప్పందం చదివేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆయన ఇక్కడికి వచ్చారు. అలా -డబ్ల్యు పెట్టడమంటే ఫ్యూజు కాలిపోయినచోట రాగి తీగ చుట్టడమే. దీపం వెలుగుతుంది, నిజమే.

కాటా గారూ, మీ తెర మీద రెండు రకాల ఎర్రర్లు కలగలిసి ఉన్నాయి. ముందు వాటిని విడదీయండి. -డబ్ల్యుఎర్రర్ లేకుండా ఒకసారి బిల్డ్ చేయండి. అప్పటికీ మిగిలేవి మీ ఒప్పందం పుణ్యం కాదు, జీసీసీ 14 తనంతట తాను నిరాకరిస్తున్నవి. 2024 మేలో వచ్చిన ఆ వెర్షన్ నుంచి, ప్రకటించని ఫంక్షన్‌ను పిలిచినా, రకం రాయకుండా వదిలేసినా, పూర్ణాంకాన్ని నేరుగా పాయింటర్‌లో (మెమరీ చిరునామా ఉంచే చోట) పెట్టినా, పొంతన లేని పాయింటర్లను ఒకదాని చోట ఒకటి వాడినా ఎర్రరే. మొదటి రెండింటినీ 1999 ప్రమాణమే (సీ99) భాషలోంచి తీసేసింది. కంపైలర్లు మాత్రం పాత కోడ్ మీద జాలితో చూసీ చూడనట్లు ఊరుకుంటూ వచ్చాయి. ప్రకటించని ఫంక్షన్ల విషయంలో క్లాంగ్ అనే మరో కంపైలర్ ఇంకా ముందే, 2023లో 16వ వెర్షన్‌తో, ఆ జాలి మానుకుంది.

-ఎఫ్‌పర్మిసివ్ పెడితే జీసీసీ 14 వీటిని మళ్లీ వార్నింగ్‌ల స్థాయికి దించుతుంది. మీరు మాత్రం ఆ జోలికి పోవద్దు. మీ పాత మిషన్‌లో ఇంట్ (పూర్ణాంకం) నాలుగు బైట్లు, పాయింటరూ నాలుగు బైట్లే. ప్రకటన కనిపించకపోతే ఆ ఫంక్షన్ ఇంట్ తిరిగిస్తుందని కంపైలర్ అనుకునేది. అసలు ఫంక్షన్ పాయింటర్ ఇచ్చినా రెండింటి కొలతా ఒకటే కాబట్టి నడిచిపోయింది. ఇప్పుడు మీది 64 బిట్ల మిషన్. పాయింటర్ ఎనిమిది బైట్లు, అందులో సగం తెగిపోతుంది. మిగిలిన సగం చిరునామా పట్టుకుని ప్రోగ్రామ్ ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు. వెంటనే కూలిపోతే అదృష్టమే. చిన్న ప్రోగ్రామ్‌లో ఒక్కోసారి కూలదు కూడా, సీజన్ మధ్యలో కూలుతుంది.

కాబట్టి ‘తప్పులు కొత్తగా వచ్చాయా’ అన్న మీ ప్రశ్నకు జవాబు: తప్పులు పాతవే, మిషన్ కొత్తది.

కాటా_గుంటూరు | గుంటూరు, లక్ష్మీపురం

చాలా సంతోషం సార్. మీరన్నట్లే విడదీశాను. సగానికి సగం హెడర్లు (ఫంక్షన్ల ప్రకటనలుండే ఫైళ్లు) చేర్చకపోవడం వల్ల వచ్చినవే. స్ట్రింగ్.హెచ్, యూనిఎస్‌టీడీ.హెచ్ చేర్చగానే పోయాయి. మా సొంత ఫైళ్లలోని ఫంక్షన్లకు ఒక హెడర్ రాసి అన్నిచోట్లా చేర్చాను. సెట్టింగ్స్ చదివే ఫంక్షన్ ఒకటి పాయింటర్ ఇస్తుంది, దానికి ఎక్కడా ప్రకటనే లేదు. మీరు చెప్పిన తెగిపోయే చిరునామా అదే.

ఒక్కటి మాత్రం మొండికేసింది. సీరియల్ పోర్టును ముడి పద్ధతిలో పెట్టడానికి సీఎఫ్‌మేక్‌రా అనే ఫంక్షన్ వాడుతున్నాం. టెర్మియోస్.హెచ్ ఫైలు మొదట్లోనే ఉంది. అయినా ప్రకటించలేదనే అంటోంది.

ఆటోనగర్_బోర్డు | విజయవాడ, ఆటోనగర్

బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైల్‌లో -ఎస్‌టీడీ=సీ99 అని ఉందా?

కాటా_గుంటూరు | గుంటూరు, లక్ష్మీపురం

ఉంది.

ఆటోనగర్_బోర్డు | విజయవాడ, ఆటోనగర్

అయితే దొంగ దొరికాడు. అలా రాస్తే గ్లిబ్‌సీ (లైనక్స్‌లోని సీ లైబ్రరీ) ‘ప్రమాణంలో ఉన్నవి తప్ప ఇంకేమీ చూపించను’ అని కూర్చుంటుంది. సీఎఫ్‌మేక్‌రా సీ ప్రమాణంలో లేదు, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్‌లోనూ లేదు. హెడర్‌లో దాని ప్రకటన ఉంటుంది, కానీ షరతు వెనుక దాగి ఉంటుంది. రెండు దారులు: సీ99 బదులు గ్నూ99 (అదే ప్రమాణం, జీసీసీ అదనాలతో) అనండి, లేదా ఫైలులో అన్నిటికంటే పైన, మొదటి ఇంక్లూడ్ కంటే ముందు, _డిఫాల్ట్_సోర్స్‌ను డిఫైన్ చేయండి. ఇంక్లూడ్‌ల కింద పెడితే పని చేయదు. చాలామంది కింద పెట్టి, పని చేయలేదని ఇక్కడికే వస్తారు.

స్ట్రిప్‌టైమ్, యూస్లీప్ వాడుతుంటే వాటికీ ఇదే రోగం, ఇదే మందు. స్ట్రిప్‌టైమ్‌కు మాత్రం _గ్నూ_సోర్స్ పెట్టండి. అది పాయింటర్ ఇస్తుంది కాబట్టి పైన పాత_యూనిక్స్ గారు చెప్పిన ప్రమాదం దానికీ వర్తిస్తుంది.

కాటా_గుంటూరు | గుంటూరు, లక్ష్మీపురం

గ్నూ99 అనగానే పోయింది. ఇప్పుడు -డబ్ల్యుఎర్రర్ మళ్లీ పెట్టాను. మిగిలినవాటిలో నాకు అర్థం కానివి ఇవి:

ఒకటి, ఇండికేటర్ ఫైలులో ‘మొత్తం’ అనే వేరియబుల్‌కు విలువ ఇచ్చారు కానీ వాడలేదంటోంది.

రెండు, చీటీ నంబరు తయారుచేసేచోట: చీటీ_నం 12 బైట్ల అరే (అక్షరాల వరుస). అందులోకి ఎస్‌ప్రింట్‌ఎఫ్‌తో "%04డి/%06డి" పద్ధతిలో సంవత్సరం, వరుస సంఖ్య రాస్తున్నాం. 12 బైట్ల చోటులో 12 నుంచి 24 బైట్లు రాయవచ్చంటోంది. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. సంవత్సరం నాలుగు, గీత ఒకటి, వరుస ఆరు, చివరి సున్న ఒకటి, సరిగ్గా పన్నెండే. 24 ఎక్కడిది?

మూడు, బండి నంబరును స్ట్రెన్‌కాపీతో పది బైట్ల అరేలోకి ఎక్కించేచోట, ‘చెప్పిన హద్దు, గమ్యం పరిమాణం ఒకటే’ అని గొణుగుతోంది.

నాలుగు, ‘బరువు’ విలువ లేకుండానే వాడబడవచ్చట. ఇది -ఓ2 (కోడ్‌ను వేగంగా నడిచేలా మలిచే ఆప్టిమైజేషన్) పెడితేనే వస్తోంది, -ఓ0 (ఆప్టిమైజేషన్ లేకుండా) పెడితే రావడం లేదు.

మూడో_ఏడాది | విజయవాడ, కానూరు

అన్నయ్యా, మొదటిది సులువు. వాడని వేరియబుల్ కాబట్టి ఆ లైను తీసేయండి. నాలుగోదానికి ప్రకటించేచోటే సున్న ఇచ్చేయండి. మూడోదానికి పరిమాణం మైనస్ ఒకటి రాయండి. మా ల్యాబులో మేం ఇలాగే చేస్తాం, వార్నింగ్‌లు పోతాయి.

సీ_మాస్టారు | విజయవాడ, సత్యనారాయణపురం

నాయనా, ల్యాబులో మార్కులు వస్తాయి కాబట్టి సరిపోతుంది. ఇక్కడ లారీ నిండా మిర్చి ఉంది.

కాటా గారు ఆ ‘మొత్తం’ చుట్టూ ఉన్న లైన్లు పెడితే బాగుంటుంది. దాని పేరే ఏదో చెబుతోంది.

కాటా_గుంటూరు | గుంటూరు, లక్ష్మీపురం

మాస్టారూ, ఇదిగోండి, పేర్లు మాత్రం తెలుగులోకి మార్చాను:

ఇంట్ మొత్తం;
ఎన్ = రీడ్(పోర్టు, బఫర్, 32);
మొత్తం = ఎక్సార్_కట్టు(బఫర్, ఎన్ - 2);
బరువు_తీయి(బఫర్, &బరువు);

ఇండికేటర్ పంపే వరుసలో చివరి రెండు అక్షరాలు ఏమిటో నాకు తెలియదు. బరువు మాత్రం సరిగ్గానే వస్తోంది.

సీ_మాస్టారు | విజయవాడ, సత్యనారాయణపురం

ఆ చివరి రెండు అక్షరాలు చెక్‌సమ్ (దారిలో అంకెలు మారాయేమో పట్టించే లెక్క) అయి ఉండాలి. మీ ఇండికేటర్ పుస్తకంలో చూసి నిర్ధారించుకోండి. రాసినాయన ముందున్న బైట్లన్నిటికీ ఎక్సార్ (బిట్లను కలిపే ఒక లెక్క) కట్టారు, వచ్చిన దాన్ని చివరి రెండింటితో పోల్చే లైను మాత్రం రాయలేదు. బహుశా తర్వాత రాద్దామనుకుని ఉంటారు. అంటే వైరు మీద అలజడికి ఒక అంకె మారినా ఈ ప్రోగ్రామ్ దాన్ని బరువుగానే అచ్చు వేస్తుంది. 8420 కిలోలు 8020 అయితే అడిగే నాథుడు లేడు.

మూడో ఏడాది బాబూ, ఆ లైను తీసేసి ఉంటే వార్నింగ్ పోయేది, దానితోపాటు ఇక్కడ ఒక తనిఖీ ఉండాలన్న ఆనవాలూ పోయేది. వాడని వేరియబుల్ కనిపిస్తే తీసేసే ముందు, దీన్ని వాడాల్సింది ఎక్కడ అని వెతకాలి.

ఇంకో సంగతి. ఆ రీడ్ -1 తిరిగిస్తే ఏమవుతుందో చూడండి. ఎన్ మైనస్ రెండు అంటే -3. దాన్ని ఎక్సార్_కట్టు ఎలా తీసుకుంటుందో.

మూడో_ఏడాది | విజయవాడ, కానూరు

మాస్టారూ, నాకూ అలాంటిదే ఒకటి వచ్చింది. ‘ఎన్ < సైజాఫ్ బఫర్’ అని రాస్తే మైనస్ గుర్తు ఉండగల సంఖ్యను, ఆ గుర్తు లేని సంఖ్యను పోలుస్తున్నావంటోంది. ఎన్‌ను గుర్తు లేని రకమైన సైజ్_టి‌గా మార్చి రాశాను, పోయింది. అదీ తప్పేనా?

సీ_మాస్టారు | విజయవాడ, సత్యనారాయణపురం

వార్నింగ్ పోయింది, అది చెప్పిన విషయం పోలేదు. -1ని గుర్తు లేని సంఖ్యగా మారిస్తే అంతులేని పెద్ద సంఖ్య అవుతుంది, అప్పుడు ఆ పోలిక అబద్ధమవుతుంది. కంపైలర్ తనంతట తాను చేసే మార్పిడి కూడా అదే. నువ్వు దాన్ని చేతిరాతతో ఖాయం చేశావు. ముందు ఎన్ సున్నకంటే తక్కువేమో చూసి పక్కకు తప్పించు, ఆ తర్వాత మార్చుకో. అప్పుడు ఆ మార్పిడి నిజాయితీగా ఉంటుంది.

పాత_యూనిక్స్ | విజయవాడ, గవర్నర్‌పేట

నాలుగోది నేను అందుకుంటాను, ఎందుకంటే నాకు దీని మీద కోపం ఉంది. విలువ లేని వేరియబుల్‌కు సున్న పెట్టి వార్నింగ్ మాన్పించడం మన దగ్గర అంటువ్యాధిలా ఉంది. కాటా గారి ప్రోగ్రామ్‌లో సున్న అంటే ఏమిటి? కాటా ఖాళీగా ఉందని. అది నిజంగా రాగల బరువు. ఇండికేటర్ కేబుల్ ఊడిపోయినప్పుడు ప్రోగ్రామ్ ‘0 కిలోలు’ అని ధైర్యంగా చీటీ వేస్తే, ఖాళీ బండి తూకంలో సున్న నమోదై నికర బరువు మొత్తం బండితో సహా లెక్కకు వస్తుంది. లారీ ఇనుముకు కూడా మిర్చి ధర కట్టాలి.

బరువు_తీయి చూడండి. లోపల ఎక్కడో ఒక దారిలో బరువు నింపకుండానే బయటికి వస్తోంది. ఆ ఫంక్షన్ ‘దొరికింది, దొరకలేదు’ అని తిరిగి చెప్పాలి, పిలిచినవాళ్లు అది చూడాలి. దొరకకపోతే చీటీ వేయకూడదు. ఇలా రాస్తే వార్నింగ్ తనంతట తానే పోతుంది, సున్న అవసరమే రాదు.

-ఓ0లో ఎందుకు రాలేదంటే, ఏ దారిలో ఏ విలువ ప్రవహిస్తుందో కంపైలర్ లోతుగా చూసేది ఆప్టిమైజేషన్ పెట్టినప్పుడే. కాబట్టి అప్పగించే ముందు -ఓ2తోనూ తప్పకుండా బిల్డ్ చేయండి. లేకపోతే మీ దగ్గర శుభ్రం, వాళ్ల దగ్గర ఎర్రర్.

బిల్డ్_కావలి | గుంటూరు, బ్రాడీపేట

రెండోది నాకు వదిలేయండి. ఆ 24 ఎక్కడి నుంచి వచ్చిందంటే: సంవత్సరాన్ని మీరు టీఎం_ఇయర్‌కు (1900 నుంచి ఎన్నేళ్లు అన్న సంఖ్య) 1900 కలిపి తీసుకుంటున్నారు కదా? అందులో 2025 ఉంటుందని మీకు తెలుసు, కంపైలర్‌కు తెలియదు. దాని దృష్టిలో అది మైనస్ రెండు వందల కోట్ల దగ్గర నుంచి ప్లస్ రెండు వందల కోట్ల పైదాకా ఏదైనా కావచ్చు. %04డి అంటే ‘కనీసం నాలుగు’ అనే అర్థం, ‘నాలుగే’ అని కాదు. మైనస్ గుర్తుతో సహా 11 అక్షరాలు. వరుస సంఖ్యకూ అంతే. 11, గీత 1, 11, చివరి సున్న 1. లెక్క సరిపోయిందా?

ఇక చాలామంది ఇక్కడ ఎస్‌ప్రింట్‌ఎఫ్ తీసి ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ పెట్టి హమ్మయ్య అనుకుంటారు. వెంటనే కంపైలర్ పాట మార్చి ‘తెగిపోవచ్చు’ అంటుంది. విసుగొచ్చి నోరు మూయిస్తారు. అది అడుగుతున్నది ఒక్కటే: తెగితే నీకు తెలుస్తుందా? ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ తిరిగిచ్చే సంఖ్య, చోటు సరిపడా ఉంటే ఎన్ని అక్షరాలు రాసేదో ఆ సంఖ్య. దాన్ని తీసుకుని, అరే పరిమాణానికి సమానమైనా ఎక్కువైనా తప్పుగా చూడండి. ఆ తిరుగు విలువను వాడిన చోట -డబ్ల్యుఆల్ స్థాయిలో జీసీసీ ఆ వార్నింగ్ ఇవ్వదు. ఫ్లాగ్ అక్కర్లేదు, ప్రాగ్మా (కోడ్‌లోనే కంపైలర్‌కు ఇచ్చే ఆదేశం) అక్కర్లేదు.

మీ విషయంలో తెగిన చీటీ నంబరు చిన్న విషయమూ కాదు. చివరి అంకె పోతే పది బండ్లకు ఒకే నంబరు. అరేను 32 చేయండి, తిరుగు విలువా చూడండి. రెండూ చేయండి.

ఆటోనగర్_బోర్డు | విజయవాడ, ఆటోనగర్

మూడోది మిగిలింది కాబట్టి నేను. బండి నంబరు అరే పది బైట్లు అన్నారు. గుంటూరు ఏపీ 07, కృష్ణా ఏపీ 16 కాలంలో ఒకే అక్షరం సిరీస్ ఉన్న నంబరుకు తొమ్మిది అక్షరాలు, చివరి సున్నతో పది, సరిగ్గా పట్టింది. రెండు అక్షరాల సిరీస్ రాగానే నంబరే పది అక్షరాలయింది. 2019లో రాష్ట్రమంతటికీ వచ్చిన ఏపీ 39 బండ్లలోనూ అలాంటివి ఉన్నాయి. స్ట్రెన్‌కాపీకి పది అని చెబితే పదీ నింపి, చివర సున్న పెట్టకుండా వదిలేస్తుంది. అచ్చు వేసేటప్పుడు ప్రింట్‌ఎఫ్ ఆ సున్న కోసం వెతుక్కుంటూ పక్క ఫీల్డులోకి నడిచిపోతుంది.

తమ్ముడు చెప్పినట్లు మైనస్ ఒకటి రాస్తే నంబరులో చివరి అంకె పోతుంది. వేరే బండి అవుతుంది.

స్ట్రక్చర్‌లో (ఒక చీటీ వివరాలన్నీ కలిపి ఉంచే మూసలో) బండి నంబరు తర్వాత ఏముంది?

కాటా_గుంటూరు | గుంటూరు, లక్ష్మీపురం

టిక్కీల సంఖ్య, అదీ అక్షరాల అరేనే. ఇప్పుడు అర్థమైంది! 1234 అని ముగియాల్సిన బండి నంబరు చీటీ మీద 1234180 అని వస్తోందని ఒక కోల్డ్ స్టోరేజీ గుమాస్తా గారు ఎప్పటి నుంచో అంటున్నారు. ఆ 180 టిక్కీల లెక్క. వాళ్లు ప్రింటర్‌ను సర్వీసుకు కూడా పంపారు.

కానీ అరేను పెంచలేను. ఈ స్ట్రక్చర్‌నే ఎఫ్‌రైట్‌తో నేరుగా ఫైలులో రాస్తున్నారు. పరిమాణం మారితే పాత సంవత్సరాల చీటీలు తెరుచుకోవు.

పాత_యూనిక్స్ | విజయవాడ, గవర్నర్‌పేట

ఆగండి. ఆ స్ట్రక్చర్‌లో టైమ్_టి గానీ లాంగ్ గానీ ఉందా?

కాటా_గుంటూరు | గుంటూరు, లక్ష్మీపురం

తూకం వేసిన సమయం టైమ్_టి.

పాత_యూనిక్స్ | విజయవాడ, గవర్నర్‌పేట

అయితే పాత చీటీలు ఇప్పటికే తెరుచుకోవు. 32 బిట్ల ఉబుంటులో టైమ్_టి నాలుగు బైట్లు, మీ కొత్త మిషన్‌లో ఎనిమిది. స్ట్రక్చర్ కొలత మారింది, మధ్యలో ఖాళీలూ జరిగాయి. దీని గురించి కంపైలర్ ఒక్క ముక్క కూడా చెప్పదు, మీరు ఎన్ని ఫ్లాగులు పెట్టినా చెప్పదు. ఒప్పందంలో రాసుకున్న మూడు ఫ్లాగులూ దాటి శుభ్రంగా బిల్డ్ అయిన ప్రోగ్రామ్, మొదటి రోజే పాత రికార్డులను చెత్తగా చదివేది.

ఇలా చేయండి. ఫైలు కోసం ఒక స్ట్రక్చర్, ప్రోగ్రామ్ లోపల తిరగడానికి మరొకటి. ఫైలుదానిలో సమయానికి ఇంట్32_టి, అంటే పాత కొలతే. అది 2038 జనవరి దాకా వస్తుంది, ఆ లోపు ఫైలు పద్ధతి మార్చుకోండి. బండి నంబరు పది బైట్లకు జీసీసీలో నాన్‌స్ట్రింగ్ అనే యాట్రిబ్యూట్ తగిలించండి, ‘దీని చివర సున్న ఉండదు, తెలిసే చేస్తున్నాను’ అని చెప్పినట్లు. అప్పుడు ఆ వార్నింగ్ న్యాయంగా పోతుంది. నేరుగా అచ్చు వేయాల్సివస్తే "%.10ఎస్" వాడండి. లోపలి స్ట్రక్చర్‌లో నంబరుకు 16 బైట్లు ఇచ్చేయండి, గొడవ ఉండదు.

చివరగా ఫైలు స్ట్రక్చర్ కింద ఒక _స్టాటిక్_అసర్ట్ రాయండి: దీని సైజాఫ్ పాత మిషన్‌లో ఎంతో అంతే ఉండాలని. పాత ఫైలు బైట్లను రికార్డుల సంఖ్యతో భాగిస్తే ఆ అంకె దొరుకుతుంది. కంపైలర్ చెప్పనిదాన్ని దాని చేత మనమే చెప్పించాలి. గ్నూ99లో -పెడాంటిక్ (ప్రమాణం దాటితే ఫిర్యాదు చేసే ఫ్లాగ్) లేనంతవరకు జీసీసీ దాన్ని ఒప్పుకుంటుంది. ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి గ్నూ11కు వెళ్లండి. లైనక్స్ మూలభాగమైన కెర్నలే 2022లో 5.18 వెర్షన్‌తో అక్కడికి వెళ్లింది.

తొందర_బిల్డ్ | విజయవాడ, పటమట

ఇంత పని చేసే బదులు ప్రతి వార్నింగ్ చుట్టూ ప్రాగ్మా పెట్టి అణచివేస్తే అయిపోతుంది కదా. పుష్, ఇగ్నోర్డ్, పాప్. మూడు లైన్లు.

సీ_మాస్టారు | విజయవాడ, సత్యనారాయణపురం

ప్రాగ్మాలు ఉన్నది అవసరానికే, కాదనను. కంపైలర్‌ది తప్పు అని మీకు రుజువు దొరికినప్పుడు, ఎందుకు అణచారో పక్కన వ్యాఖ్య రాసి వాడండి. రుజువు లేకుండా అణచితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను, నేను క్లాసులో ప్రతి ఏడాదీ చెప్పేదే.

2006లో డెబియన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (సమాచారాన్ని గుప్తం చేసే లైబ్రరీ) ప్యాకేజీ చూసేవారికి వాల్‌గ్రైండ్, ప్యూరిఫై వంటి మెమరీ తనిఖీ సాధనాల నుంచి ఫిర్యాదు వచ్చింది, విలువ నింపని మెమరీ వాడుతున్నారని. కంపైలర్ వార్నింగ్ కాదు, కానీ జాతి అదే. ఫిర్యాదు వచ్చిన లైన్లను వ్యాఖ్యగా మార్చేశారు. ఫిర్యాదు పోయింది. ఆ లైన్లలో ఒకటి యాదృచ్ఛిక సంఖ్యల కుండలోకి అసలైన ముడిసరుకు పోసే లైను. అది పోయాక తాళం చెవులు (గుప్తం చేయడానికి వాడే కీలు) తయారుచేయడానికి మిగిలిన యాదృచ్ఛికత ప్రాసెస్ నంబరు ఒక్కటే. ఒక రకం మిషన్ మీద, ఒక కొలత చెవికి మొత్తం 32,768 అవకాశాలు. 2008 మేలో బయటపడేదాకా డెబియన్ మీద, ఉబుంటు మీద ఆ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పుట్టిన చెవులన్నీ అలాంటివే. అన్నిటినీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది. ఆ ప్యాకేజీ చూసే ఆయన మార్చే ముందు మెయిలింగ్ లిస్టులో అడిగారు కూడా, అది గమనించండి. నిర్లక్ష్యం కాదు, ఆ లైను ఏం చేస్తోందో పూర్తిగా తెలియకపోవడం.

బిల్డ్_కావలి | గుంటూరు, బ్రాడీపేట

అందరూ -డబ్ల్యుఎర్రర్‌ను నెత్తిన పెట్టుకుంటున్నారు కాబట్టి నేను ఎదురు మాట చెబుతాను. వార్నింగ్‌లు సరిచేయాలి, ఒప్పుకున్నాను. కానీ ఇతరులకు ఇచ్చే సోర్స్‌లో మేక్‌ఫైల్ లోపల ఆ ఫ్లాగ్ శాశ్వతంగా కూర్చోకూడదు. వేరేవాళ్ల సోర్స్‌ను బిల్డ్ చేయడమే నా ఉద్యోగం. కంపైలర్ వెర్షన్ మారిన ప్రతిసారీ కొత్త వార్నింగ్‌లు పుడతాయి, కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా బిల్డ్ ఆగిపోతుంది. జీసీసీ 7 ఫాల్‌త్రూ (స్విచ్‌లో ఒక కేసు నుంచి కింది కేసులోకి జారడం) వార్నింగ్ తెచ్చింది, 8 ఈ స్ట్రెన్‌కాపీ గొడవ తెచ్చింది. 2025లో వచ్చిన 15, ప్రమాణం ఏదో చెప్పకపోతే సీ23 అనుకుంటుంది. అందులో ఖాళీ బ్రాకెట్లతో ప్రకటించిన ఫంక్షన్‌కు ఆర్గుమెంట్లు ఇస్తే ఎర్రరే. పాతకాలం కోడ్‌లో సొంతంగా బూల్ అని టైప్‌డెఫ్ చేసుకున్నవాళ్లదీ అదే గతి.

లైనక్స్ కెర్నల్‌లో 2021లో ఏం జరిగిందో చూడండి. 5.15 కోసం లైనక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ -డబ్ల్యుఎర్రర్‌ను అందరికీ మొదటి నుంచే ఉండేలా పెట్టారు. రకరకాల మిషన్ల మీద, రకరకాల కంపైలర్లతో బిల్డ్‌లు పడిపోయాయి. కొద్ది రోజుల్లోనే దాన్ని పరీక్ష బిల్డ్‌లకు మాత్రమే మొదటి నుంచి ఉండేలా తగ్గించారు. నా మాటా అదే.

పాత_యూనిక్స్ | విజయవాడ, గవర్నర్‌పేట

కావలి గారి బాధ నాకు తెలుసు, కానీ ఒప్పుకోను. మేక్‌ఫైల్‌లో లేకపోతే ఎవరూ పెట్టరు. ఎవరూ పెట్టకపోతే ఆ చెక్‌సమ్ లైను ఇంకో పదేళ్లు అలాగే ఉంటుంది. కాటా గారి ప్రోగ్రామ్ ప్రపంచమంతా బిల్డ్ చేసేది కాదు, ఒక మిషన్, ఒక కంపైలర్. అక్కడ కఠినంగా ఉండటానికి అడ్డేమిటి?

బిల్డ్_కావలి | గుంటూరు, బ్రాడీపేట

ఇవాళ ఒక మిషన్. ఆ ఎగుమతి సంస్థవాళ్లు రెండేళ్ల తర్వాత కొత్త డెబియన్ వేస్తారు. సీజన్ మధ్యలో బిల్డ్ పడిపోతే ఫోను కాటా గారికే వస్తుంది.

కాటా_గుంటూరు | గుంటూరు, లక్ష్మీపురం

ఇద్దరు పెద్దలూ నా ఫోను గురించే పోట్లాడుకుంటున్నారు, ధన్యుణ్ణి. ఒక చిన్న సందేహం అడిగి పారిపోతాను. స్విచ్‌లో ఒక కేసు నుంచి కింది కేసులోకి కావాలనే వదిలారు. రాసినాయన అక్కడ ‘కిందికి పోనివ్వు’ అని తెలుగులో వ్యాఖ్య కూడా రాశారు. అయినా ఎర్రర్ వస్తోంది. వ్యాఖ్య రాస్తే ఊరుకుంటుందని విన్నాను.

ఆటోనగర్_బోర్డు | విజయవాడ, ఆటోనగర్

ఊరుకుంటుంది, కానీ దానికి తెలిసిన ఇంగ్లిషు మాటలు కొన్ని ఉన్నాయి, వాటికే. జీసీసీకి తెలుగు రాదు. -డబ్ల్యుఇంప్లిసిట్-ఫాల్‌త్రూ=1 అంటే ఏ భాషలో ఏ వ్యాఖ్య ఉన్నా ఒప్పుకుంటుంది, అప్పుడు ‘ఇక్కడ టీ తాగాను’ అని రాసినా చెల్లుతుంది. దానికంటే ఫాల్‌త్రూ యాట్రిబ్యూట్ పెట్టండి, అది వ్యాఖ్య కాదు, భాషలో భాగం. తెలుగు వ్యాఖ్యను మాత్రం తీయకండి, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది.

రేపు ఎవరైనా ఈ ప్రోగ్రామ్‌ను రాస్‌ప్‌బెర్రీ పై (ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్) మీద పెడదామంటే ఇంకొకటి చూడండి. ఫైలు నుంచి అక్షరం చదివే ఎఫ్‌గెట్‌సీ తిరిగిచ్చేదాన్ని చార్‌లో (ఒక బైటు రకంలో) పట్టుకుని ఈఓఎఫ్‌తో (ఫైలు ముగిసిందని చెప్పే -1తో) పోల్చారా అని. మీ మిషన్‌లో చార్‌కు మైనస్ గుర్తు ఉంటుంది కాబట్టి నడుస్తుంది. ఆర్మ్ లైనక్స్‌లో చార్‌కు గుర్తు ఉండదు, -1 అక్కడ 255 అవుతుంది, లూప్ ఎప్పటికీ ఆగదు. ఇంట్‌లో పట్టుకోండి.

కాటా_గుంటూరు | గుంటూరు, లక్ష్మీపురం

చూశాను, రెండు చోట్ల ఉంది. మార్చాను.

ఇప్పటి పరిస్థితి: -ఓ0, -ఓ2 రెండింటిలోనూ శుభ్రం. ఇండికేటర్ పుస్తకం తెరిచాను, చివరి రెండు అక్షరాలు చెక్‌సమే. పోల్చే లైను రాసి, ఒక కాటా దగ్గర వైరు కదిలిస్తూ పరీక్షించాను. తప్పు వరుసలు వస్తున్నాయి, వాటిని పారేసి మళ్లీ అడుగుతోంది. పాత రికార్డులు కొత్త మిషన్‌లో తెరుచుకున్నాయి. ఎగుమతి సంస్థ ఇంజినీరు గారితో మాట్లాడాను. షరతులో ‘జీసీసీ 14తో’ అన్న మాట చేర్చడానికి ఒప్పుకున్నారు. -డబ్ల్యుఎర్రర్‌ను మేక్‌ఫైల్‌లో వేరే టార్గెట్‌గా పెట్టాను: మామూలు మేక్‌కు వార్నింగ్‌లు కనిపిస్తాయి, ‘మేక్ అప్పగింత’ అంటే ఎర్రర్లవుతాయి. పాత_యూనిక్స్ గారికి ఇది నచ్చదని తెలుసు.

ఒక్కటే మిగిలింది. ప్రింటర్ కంపెనీ ఇచ్చిన హెడర్ లోపలి నుంచి వార్నింగ్‌లు వస్తున్నాయి. అది నేను ముట్టుకోకూడనిది.

బిల్డ్_కావలి | గుంటూరు, బ్రాడీపేట

ఆ హెడర్ ఉన్న ఫోల్డర్‌ను చూపించే -ఐ బదులు -ఐసిస్టమ్ వాడండి. సిస్టమ్ హెడర్ల లోపలి వార్నింగ్‌లను జీసీసీ చూపించదు. మీ కోడ్ మీద ప్రభావం ఉండదు.

పాత_యూనిక్స్ | విజయవాడ, గవర్నర్‌పేట

నచ్చలేదు. కానీ ‘అప్పగింత’ అన్న టార్గెట్ పేరు బాగుంది.

కాటా_గుంటూరు | గుంటూరు, లక్ష్మీపురం

-ఐసిస్టమ్‌తో పోయాయి. అందరికీ కృతజ్ఞతలు.

తొందర_బిల్డ్ | విజయవాడ, పటమట

ఊరికే చూద్దామని నా బిల్లింగ్ ప్రోగ్రామ్ మీద -డబ్ల్యుఆల్ పెట్టాను. తెర ఆగకుండా పైకి పోతోంది. ఇక్కడే అడగవచ్చా?

నిర్వాహకులు

కొత్త చర్చ తెరవండి. కంపైలర్ వెర్షన్, వాడిన ఫ్లాగులు, మొదటి ఎర్రర్ చుట్టూ ఉన్న లైన్లు రాయండి. -డబ్ల్యు పెట్టి ఉంటే ముందు తీసేసి రండి.